ఆ ఎముక ఎక్కడ దొరికింది?



దసరా సెలవులకు ముందు ఏడో తరగతి పిల్లలకు పాంపే నగరం గురించి ఒక వీడియో చూపించాను. అంతటితో ఊరుకోకుండా, చరిత్ర మన కాళ్ళ కిందే ఉంటుంది, చూసే కళ్ళు ఉండాలి అని కూడా అన్నాను. సెలవులయ్యాక ఒక బాబు లంచ్ బ్యాగులో నాలుగు కుండ పెంకులు, ఒక ఎముక ముక్క పట్టుకొచ్చాడు. అమ్మమ్మగారి ఊళ్ళో చేను గట్టు పక్కన పుల్లతో తవ్వి తీశాడట. క్లాసంతా ఒకటే గోల. నేనూ చప్పట్లు కొట్టించాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక గానీ నా పొరపాటు నాకు తట్టలేదు. మీకు ఇది రాయడానికి కారణం అదే.

ముందు ఆ వీడియో సంగతి చెప్తాను, మీ పిల్లలు ఇంట్లో కూడా అడుగుతూ ఉండొచ్చు కాబట్టి. ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం క్రీ.శ. 79లో పేలి పాంపే, హెర్క్యులేనియం అనే ఊళ్ళను కప్పేసింది. పాంపేలో మనుషుల మీద మెత్తటి బూడిద పడి, ఒంటి చుట్టూ గట్టిపడింది. కాలక్రమంలో కండ కుళ్ళిపోయింది, బూడిద మాత్రం ఆ ఆకారాన్ని వదల్లేదు. లోపల ఖాళీ, ఆ ఖాళీలో ఎముకలు. 1863లో తవ్వకాల బాధ్యత చూస్తున్న జుసెప్పె ఫియొరెల్లి ఆ ఖాళీల్లోకి పలచగా కలిపిన ప్లాస్టర్ పోయించాడు. అది గట్టిపడ్డాక చుట్టూ ఉన్న బూడిద తీసేస్తే, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి, ముడుచుకుని పడుకున్న మనిషి బయటపడ్డారు.

"మేడమ్, ఆ బొమ్మల్లో నిజంగా మనుషులున్నారా?" అని ఒక పాప అడిగింది. ఉన్నారు. ప్లాస్టర్ లోపల వాళ్ళ ఎముకలే ఉన్నాయి. అందుకే పిల్లలకు ఆ ఫొటోలు చూపించేటప్పుడు అవి విగ్రహాలు కావని ఒక్క మాట ముందే చెప్పండి. చెప్తే భయపడతారని మనం అనుకుంటాం గానీ, నా క్లాసులో చెప్పాక నవ్వులు ఆగిపోయి ప్రశ్నలు మొదలయ్యాయి.

అలాంటి ఒక ఇంట్లో నలుగురు దొరికారు. వాళ్ళలో ఒకరి చేతికి బరువైన బంగారు కడియం ఉంది, పక్కనే చిన్న పిల్లవాడు. చూసినవాళ్ళందరూ తల్లీబిడ్డలే అనుకున్నారు. ఎన్నో ఏళ్ళు అలాగే చెప్పుకున్నారు, పర్యాటకులు కళ్ళు తుడుచుకున్నారు. 2024లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన ఆ పెద్దమనిషి మగవాడని, ఆ పిల్లవాడికి రక్తసంబంధీకుడు కూడా కాడని తేల్చింది. బంగారం చూసి ఆడమనిషి అనుకున్నారు, అంతే. ఆ ఎముకలు దొరికిన ఇల్లు, ఎవరి పక్కన ఎవరున్నారు అన్నది రాసిపెట్టి ఉండబట్టే ఇన్నేళ్ళ తర్వాత కూడా తప్పు దిద్దుకోగలిగారు.

దిద్దుకోలేని కథ ఇంకొకటి ఉంది. ఇది నాకు మరీ ఇష్టమైనది.

జెన్నారో మట్రోనే అనే ఇంజనీరు పురావస్తు శాస్త్రవేత్త కాదు, ఔత్సాహికుడు. 1900 ప్రాంతంలో పాంపే దగ్గర సార్నో నది సముద్రంలో కలిసే వైపు తవ్వుతుంటే ఆయనకు డెబ్భైకి పైగా అస్థిపంజరాలు దొరికాయి. వాటిలో ఒకదాని మెడలో మూడు పేటల బంగారు గొలుసు, చేతులకు కడియాలు, పక్కన అలంకరించిన పొట్టి కత్తి. ఆయన గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించండి! ఎందుకంటే ఆ తీరంలో చనిపోయిన గొప్పవాడు ఒకడున్నాడని అందరికీ తెలుసు. రోమన్ నౌకాదళాధిపతి, 37 సంపుటాల ప్రకృతి చరిత్ర రాసిన పెద్ద ప్లినీ. పర్వతం పేలినప్పుడు ఓడలు తీసుకుని జనాన్ని కాపాడడానికి బయలుదేరి, స్టాబియే తీరంలో ప్రాణం వదిలాడు. ఆ సంగతి ఆయన మేనల్లుడు చరిత్రకారుడు టాసిటస్‌కు రాసిన ఉత్తరం వల్ల మనకు తెలిసింది.

ఇది ప్లినీయే అని మట్రోనే ప్రకటించాడు. పండితులు నవ్వారు. నౌకాదళాధిపతి నాట్యగత్తెలా నగలు దిగేసుకుని తిరుగుతాడా అని ఎగతాళి చేశారు. చూశారా, ఇక్కడ కూడా బంగారం చూసే తీర్పు! నన్నడిగితే నగల కంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. వెలుగు వచ్చాక ప్లినీ శరీరం చెక్కుచెదరకుండా దొరికిందని మేనల్లుడే రాశాడు. దొరికిన శరీరాన్ని అంత్యక్రియలు చెయ్యకుండా ఒడ్డునే వదిలేసి వెళ్తారా? ఈ ప్రశ్న ఎనిమిదో తరగతిలో వేశాను, సగం మంది అటు, సగం మంది ఇటు.

అవమానంతో మట్రోనే నగలు అమ్మేశాడు. ఎముకల్లో చాలావరకు తిరిగి పూడ్చేశాడు. ఒక పుర్రె, ఒక దవడ మాత్రం దాచుకున్నాడు. అవి చివరికి రోమ్‌లోని వైద్య చరిత్ర మ్యూజియానికి చేరాయి. దాదాపు 120 ఏళ్ళ తర్వాత, 2020లో, శాస్త్రవేత్తలు పరీక్షల ఫలితాలు ప్రకటించారు. దవడ ఒక మనిషిది, పుర్రె ఇంకో మనిషిదట. దవడ 56 ఏళ్ళకు పోయిన ప్లినీది కాదు, అంతకంటే చిన్నవాడిది. పుర్రె ప్లినీది కాదనడానికి ఆధారం లేదు, అవుననడానికీ లేదు. రెండు ఎముకలు ఎక్కడ, ఎంత లోతులో, ఎవరి పక్కన ఉన్నాయో అప్పుడే గీసి పెట్టుకుని, నగలు అమ్మకుండా ఉంటే కథ ఇక్కడ ఆగేది కాదు. ఆయన దొంగ కాదు, ఆసక్తి ఉన్నవాడే. మన బాబులాగే.

ఇదంతా ఇటలీ గొడవ, మనకెందుకు అంటారేమో. నంద్యాల జిల్లాలో, బనగానపల్లె దగ్గర జ్వాలాపురం ఉంది. పేరులో జ్వాల ఉన్నా అక్కడ అగ్నిపర్వతం లేదు. కానీ నేలలో బూడిద ఉంది, కొన్నిచోట్ల మనిషి ఎత్తు దాటిన పొర. అది సుమారు 74,000 ఏళ్ళ కిందట ఇండోనేషియాలోని టోబా పేలినప్పుడు సముద్రం దాటి వచ్చిన బూడిద. ఆ పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, పైన కూడా దొరికాయి. రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి అంత పెద్ద ఉత్పాతాన్ని ఇక్కడి మనుషులు తట్టుకుని నిలబడ్డారని 2007లో పరిశోధకులు వాదించారు. ఆ వాదనకు ఆధారం మనిషి ఎముకలు కాదు, రాళ్ళే. అయినా ఒక రాయి విలువ అంతా అది బూడిదకు పైన ఉందా, కింద ఉందా అన్న దానిలోనే ఉంది. ఎవరైనా తీసి జేబులో వేసుకుంటే మిగిలేది ఉత్త రాయి.

మన రెండు రాష్ట్రాల పల్లెల్లో పెద్ద బండలతో కట్టిన పాత సమాధులను రాక్షస గుళ్ళు అంటారు. కొన్నింటిలో కుండలతో పాటు మనిషి ఎముకలు కూడా దొరుకుతుంటాయి. అమ్మమ్మ ఊళ్ళో ఆడుకునే పిల్లలకు అవి తగలడం వింతేమీ కాదు.

తగిలితే తవ్వనివ్వకండి, కడగనివ్వకండి, ఇంటికి తేనివ్వకండి. ఉన్నది ఉన్నట్టు ఫోన్‌లో ఫొటో తీయండి. పక్కన ఒక స్కేలో, పెన్నో పెడితే సైజు తెలుస్తుంది. మ్యాప్‌లో లొకేషన్ సేవ్ చేయండి. మనిషి ఎముకలా అనిపిస్తే పోలీసులకు చెప్పాలి, ఎందుకంటే అది ఎంత పాతదో మనం తేల్చేది కాదు. పాత వస్తువులైతే తహసీల్దార్ ఆఫీసుకో పురావస్తు శాఖకో తెలియజేయండి. నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు దొరికితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టమే చెప్తోంది. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం కూడా.

ఇక మా బాబు సంగతి. మర్నాడు వాడిని పక్కన కూర్చోబెట్టి ఎక్కడ తవ్వావో బొమ్మ గీయమన్నాను. చేను, గట్టు, బోరు, వేపచెట్టు గీశాడు. ఎముక పైన ఉందా, పెంకుల కింద ఉందా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, గుర్తులేదు మేడమ్ అన్నాడు. ఆ ఎముక మనిషిదో పశువుదో నాకూ తెలియదు. వాళ్ళ నాన్నగారు పెంకులనూ, ఎముకనూ విడివిడి కవర్లలో పెట్టి, ఆ బొమ్మ జతచేసి, పురావస్తు శాఖ వాళ్ళకు చూపిస్తానన్నారు. సంక్రాంతికి మళ్ళీ ఊరు వెళ్తున్నారట. ఈసారి పుల్ల కాదు, నోట్‌బుక్ పట్టుకెళ్తానని నాతో చెప్పాడు.

మీ పిల్లల సోషల్ టీచర్