కోర్టు పైకప్పు మీద నరకం.. బాలిలో బట్టపై భీముడి కథ! ఏంటీ కామసన్ చిత్రాలు?

ఇండోనేషియాలోని బాలి అనగానే అందరికీ బీచ్‌లే గుర్తొస్తాయి. కానీ అక్కడి క్లుంగ్‌కుంగ్‌లో కెర్తా గోసా అనే మండపం ఉంది. ఒకప్పుడు రాజుల న్యాయస్థానం అదే. తప్పు చేసినవాడు తలెత్తి చూస్తే చాలు.. కప్పు నిండా నరకంలో పడే శిక్షలే!

ఆ బొమ్మల్లో హీరో భీముడు. తండ్రి పాండురాజును, మాద్రిని నరకం నుంచి విడిపించడానికి వెళ్లి యమభటులతో తలపడతాడు. మన భారతంలో నరకం చూసొచ్చేది ధర్మరాజు కదా.. బాలివాళ్ల కథ వేరు. 1908లో డచ్ సైన్యం దాడిలో రాజభవనం నేలమట్టమైనా ఈ మండపం మిగిలింది. మొదట్లో ఈ బొమ్మలు బట్ట మీదే ఉండేవి. ఇప్పుడు కనిపించేవి 20వ శతాబ్దంలో మళ్లీ గీసినవి.

వీటిని గీసేవాళ్లది పక్కనే ఉన్న కామసన్ గ్రామం. నూలు బట్టను బియ్యం గంజిలో ముంచి, ఎండబెట్టి, గవ్వతో నున్నగా రుద్దుతారు. (మన శ్రీకాళహస్తి కలంకారీలో అయితే పాలు, కరక్కాయ వాడతారు.) పెద్ద చిత్రకారుడు గీతలు గీస్తే, రంగులు నింపేది ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్లు. చివర్లో నల్లగీత మళ్లీ ఆయనదే. నలుపు దీపపు మసి నుంచి, తెలుపు కాల్చిన ఎముకల పొడి నుంచి వస్తాయి. మనుషులు తోలుబొమ్మల్లాగే ఉంటారు, కాకపోతే రెండు కళ్లూ కనిపిస్తాయి. సన్నటి కళ్లుంటే మంచివాడు, గుండ్రటి కళ్లు, కోరలు ఉంటే రాక్షసుడని ఇట్టే పట్టేయొచ్చు. ఒక సీన్ ఎక్కడ ముగిసిందో చెప్పేవి మధ్యలోని రాళ్ల వరుసలు.

గుడి పండగల్లో చూరు చుట్టూ కట్టే సన్నటి పొడవాటి బట్టను ఇదెర్-ఇదెర్ అంటారు. ఎండకీ తేమకీ అది పాడైతే దాచుకోరు, కొత్తది గీయించుకుంటారు. అందుకే పాతవి బాలిలో తక్కువ. 1970ల్లో ఆంత్రోపాలజిస్ట్ ఆంథనీ ఫోర్జ్ సేకరించిన మంచి చిత్రాలు ఇప్పుడు సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంలో ఉన్నాయి.

మరి కొత్తవి గీసేదెవరు? చిత్రకారుడు న్యోమన్ మంద్ర తన ఊళ్లోనే పిల్లలకు ఈ విద్య నేర్పారు. ఇప్పటికీ కామసన్‌లో ఇళ్ల అరుగుల మీద ఈ పని సాగుతోంది. అయితే టూరిస్టులకు అమ్మే చిన్న ముక్కలకు రెడీమేడ్ రంగులే ఎక్కువ. మసి నూరి, గవ్వతో రుద్ది చేసే పెద్ద బట్టకు నెలలు పడుతుంది.. అంత ఓపిక, అంత ధర పెట్టేవాళ్లు తక్కువే.