చౌడు పాఠం పొలం గట్టున చెప్పాలి

తుంగభద్ర ఎడమ కాలువ వెంట గంగావతి, కారటగి, సింధనూరు మీదుగా వెళ్తుంటే అడుగడుగునా తెలుగువారి క్యాంపులు కనబడతాయి. 1953లో జలాశయం సిద్ధమై కాలువలకు నీళ్ళు వచ్చాక, కోస్తా జిల్లాల రైతులు వచ్చి ఇక్కడి నల్లరేగడి భూములు కొన్నారు. ముళ్ళకంపలు కొట్టి, మళ్ళు చదును చేసి వరి నాటారు. ఈనాడు కన్నడిగులు గంగావతిని ‘భత్తద కణజ’ అంటారు. అంటే వడ్ల గాదె.

ఆ గాదె నింపినవారి మనవలు, మునిమనవలు ఇప్పుడు బడుల్లో పర్యావరణం చదువుతున్నారు. ఈ విషయాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది, 2003లో మళ్ళీ గట్టిగా చెప్పింది. అయితే పర్యావరణం అంటే ఏమిటని పిల్లల్ని అడిగి చూడండి. ఫ్యాక్టరీ పొగ, ప్లాస్టిక్ సంచులు, పులులు అంటారు. తమ ఇంటి వరిమడి కూడా అందులోదేనని చెప్పేవారు తక్కువ. ఆ మాట చెప్పవలసింది మనమే.

తెల్లపొర ఎక్కడిది?

కాలువ కింద కొన్ని పొలాల్లో వేసవిలో నేల మీద ఉప్పు చల్లినట్టు తెల్లపొర కనబడుతుంది. మనం చౌడు అంటాం. బడిలో పిల్లలు దాన్నే ‘సవళు’ అని నేర్చుకుంటారు. రెండు మాటలూ ఒకటేనని చెప్పడంతోనే పాఠం మొదలుపెట్టవచ్చు.

మడిలో నిలిచిన నీరు, కాలువ నుంచి ఊరిన నీరు భూమిలోకి దిగుతాయి. రేగడి నేల నీటిని త్వరగా వదలదు. మురుగు పోయే దారి లేకపోతే ఏటేటా లోపలి నీరు పైకి వస్తుంది. అది నేలకు చేరువయ్యాక, దీపం వత్తి నూనెను లాగినట్టు మట్టి ఆ నీటిని పైకి లాగుతుంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, దానిలో కరిగిన లవణాలు పైన మిగిలిపోతాయి.

ఇది పిల్లలు కళ్ళారా చూడగలిగిన సంగతి. అడుగున చిల్లులు పెట్టిన గ్లాసులో ఎండిన మట్టి నింపి, ఉప్పునీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టి ఎండలో వుంచండి. పళ్ళెం ఆరినప్పుడల్లా మళ్ళీ ఉప్పునీళ్ళు పోయండి. కొన్నాళ్ళకు మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అలాగే గుప్పెడు పెసలు మంచినీళ్ళ గుడ్డలో, మరో గుప్పెడు బాగా ఉప్పు కలిపిన నీళ్ళ గుడ్డలో మూట కట్టించండి. రెండు రోజులయ్యాక రెండు మూటలూ విప్పితే, చౌడు పొలంలో విత్తనం ఎందుకు మొలవదో వేరే చెప్పనక్కర లేదు.

చౌడులో రకాలున్నాయని కూడా చెప్పాలి. తెల్లగా పొర కట్టేది పాలచౌడు. మంచినీళ్ళు పెట్టి, ఉప్పును కడిగి, మురుగుకాలువ ద్వారా బయటికి పంపితే అది బాగుపడుతుంది. ఎండితే బండలా గట్టిపడి, నీరు ఇంకనివ్వనిది కారుచౌడు. దానికి జిప్సం వేసి నీళ్ళు పెట్టాలి, తర్వాత జీలుగ పెంచి దున్నాలి. ఏది ఏ రకమో మట్టి పరీక్షలో తేలుతుంది. గంగావతిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏళ్ళ తరబడి ఇలాంటి భూముల మీదే పని చేస్తోంది. విహారయాత్రకు హంపీకి తీసుకువెళ్ళే బడి, పిల్లల్ని ఒక పూట అక్కడికీ తీసుకువెళ్ళవచ్చు.

బస్తాకు ఎన్ని నీళ్ళు?

ఇక నీటి లెక్క. మడిలో ఒక కిలో వడ్లు పండటానికి సగటున 2,500 లీటర్ల నీరు పడుతుందని వరి శాస్త్రజ్ఞుల అంచనా. నేలనుబట్టి, పద్ధతినిబట్టి ఇది చాలా తగ్గవచ్చు, పెరగవచ్చు. 75 కిలోల బస్తాకు ఎంతో పిల్లల చేత హెచ్చవేయించండి. 1,87,500 లీటర్లు! ఇంటి ముందు నిలబెట్టిన బస్తాలను వాళ్ళు మరో కంటితో చూస్తారు.

ఎడమ కాలువను మొదట రూపొందించింది ఎక్కువగా జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటల కోసం. వరికి కేటాయించింది కొద్ది భాగమే. కాలువ పైభాగంలో అనుకున్నదానికన్నా ఎక్కువ వరి వేయడం వల్ల చివరనున్న రాయచూరు, మాన్వి వైపు పొలాలకు నీళ్ళు అందడం కష్టమైంది. పైన నీరు ఎక్కువై చౌడు, చివర నీరు లేక బీడు. ఒకే కాలువకు ఇవి రెండు బాధలు. కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక వల్ల ఇప్పుడు సుమారు 105కి తగ్గింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయి, నీరు నదిపాలైనప్పుడు, నీటి విలువ అందరికీ మరోసారి తెలిసింది.

నీరు తగ్గించే ఉపాయాన్నీ పిల్లలే చేసి చూడవచ్చు. 30 సెంటీమీటర్ల గొట్టానికి కింది సగంలో చిల్లులు పెట్టి, ఆ సగాన్ని మడిలో పాతి, లోపలి మట్టి తీసేయాలి. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్ళీ తడి పెట్టాలి. పూత సమయంలో మాత్రం నీరు నిలవ వుంచాలి. ఇలా 30 శాతం దాకా నీరు ఆదా కావచ్చు. భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా నీరు నిలిచిన మడి నుంచి వస్తుంది కాబట్టి అదీ తగ్గుతుంది. ఒక జాగ్రత్త! ఆరబెడితే ఉప్పు పైకి వస్తుంది కనుక చౌడు పొలంలో ఈ పద్ధతి పనికిరాదు.

డబ్బా మీది రంగు

కొప్పళ వైపు దానిమ్మ తోటలున్న ఇళ్ళలో మరో పాఠం వుంది. పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తు వుంటుంది. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. డబ్బా ముట్టకుండా, దూరం నుంచే పిల్లలకు ఆ రంగులు చూపండి. పూత మీద తేనెటీగలు తిరిగే పొద్దుటిపూట మందు కొడితే కాయ పట్టించే ఈగలే చస్తాయి. ఉదయం పది నిమిషాలు ఒక చెట్టు దగ్గర నిలబడి ఎన్ని ఈగలు వచ్చాయో లెక్క రాయమంటే, ఆ సంగతి వాళ్ళకు జన్మలో మరపు రాదు.

తాతయ్య దోషి కాదు

ఇదంతా విన్న పిల్లవాడు ఇంటికి వచ్చి, “తాతయ్యా, మన నేల మీరే పాడు చేశారా?” అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు భయపడే చాలా మంది పెద్దలు ఈ మాటే ఎత్తరు. భయపడనక్కర లేదు. ఆనాడు దేశానికి తిండిగింజలు కావాలి, వచ్చినవాళ్ళకు బతుకు కావాలి. తెలిసిన పంట వరి, అదే వేశారు. రెండు మూడు తరాలు దాని మీదే చదువుకున్నాయి. ఆ మేలూ నిజమే, చౌడూ నిజమే. రెండూ కలిపి చెబితేనే పిల్లవాడికి న్యాయంగా ఆలోచించడం వస్తుంది.

పైగా కాలువ చివరి ఊరి కన్నడ పిల్లవాడు, క్యాంపు తెలుగు పిల్లవాడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఒకరి పొలంలో నీరెక్కువ, ఇంకొకరి పొలంలో నీరు లేదు. ఇద్దరూ కలిసి ఆ కాలువ పటం గీస్తే, రేపు నీటి సంఘంలో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒకరి మాట ఒకరు వింటారు.

వచ్చే వేసవి సెలవుల్లో మీ ఇంటి భూసార పరీక్ష కార్డు పిల్లల చేతికివ్వండి. ఉదజని సూచిక 8.5 దాటిందేమో చూడమనండి. ఏ మడి ఎప్పటి నుంచి దిగుబడి తగ్గిందో తాతయ్యను అడిగి, నోటుబుక్కులో రాసుకోమనండి. ఆ నేల రేపు వాళ్ళ చేతికే వస్తుంది. దాని జాతకం వాళ్ళకు ఇప్పుడే తెలియడం మంచిది.