మతిమరుపు కాదు... బద్ధకమూ కాదు!

కరెంటు బిల్లు కట్టాలి. డబ్బులున్నాయి. ఫోన్‌ తీస్తే రెండు నిమిషాల పని. అయినా గడువు దాటిపోతుంది. తాళం బండికే వదిలేసి ఆఫీసులోకి వెళ్లిపోతారు. అవతలివాళ్లు అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పేస్తారు. పదిహేనేళ్లలో ఐదు ఉద్యోగాలు మారారు. 'మీకు చెప్పడమూ గోడకు చెప్పడమూ ఒకటేనండీ' అని ఇంటావిడ విసుక్కుంటుంది. 'తెలివికేం తక్కువ లేదు, ఒట్టి బద్ధకం' అని చిన్నప్పుడు మాస్టారు వేసిన ముద్ర ఇప్పటికీ చెరగలేదు.

ఇలాంటివారు మీకు తెలుసా? లేక... అది మీరేనా?

అయితే అది బద్ధకం కాకపోవచ్చు. ఏడీహెచ్‌డీ కావచ్చు. ఏకాగ్రత కుదరకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, తొందరపాటు... ఈ మూడూ కలిసిన సమస్య అది. అల్లరి పిల్లలకే వస్తుందనుకుంటాం. కానీ పెద్దయ్యాక చాలామందిలో గెంతులాటే తగ్గుతుంది. మరుపు, లోపలి అలజడి అలాగే ఉండిపోతాయి. పెద్దవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ సమస్య ఉంటుందని వివిధ దేశాల అధ్యయనాల అంచనా.

కొడుకు కోసం వెళితే...

చాలా ఇళ్లలో ఇది బయటపడేది పిల్లల వల్లే. స్కూలువాళ్లు చెప్పారని కొడుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. 'వస్తువులు పారేసుకుంటాడా? మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తాడా?' అని డాక్టరు ఒక్కొక్కటే అడుగుతుంటే పక్కన కూర్చున్న నాన్నకి గొంతు తడారిపోతుంది. అవన్నీ తన కథే! ఆశ్చర్యం లేదు. ఈ సమస్యలో వారసత్వానిదే పెద్ద పాత్ర అని కవలలపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి.

ఆడవాళ్లలో అయితే ఇది ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. క్లాసులో అల్లరి చేయకుండా ఏదో లోకంలో ఉండే అమ్మాయిని ఎవరూ పట్టించుకోరు. పెళ్లయ్యాక పొయ్యి మీద పాలు పొంగినప్పుడల్లా 'ధ్యాస ఎక్కడుంది?' అన్న మాట మాత్రం పడుతుంది.

పరీక్ష ఎలా?

దీనికి రక్తపరీక్షలు, స్కానింగులు లేవు. సైకియాట్రిస్టు తీరిగ్గా మాట్లాడే తేలుస్తారు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. ఇంట్లోనో ఆఫీసులోనో కాదు, ఒకటికి మించిన చోట్ల ఇబ్బంది పెట్టాలి. అందుకే అమ్మానాన్నల్ని అడుగుతారు, పాత ప్రోగ్రెస్‌ కార్డులుంటే చూస్తారు. నిద్రలేమి, థైరాయిడ్‌, కుంగుబాటు, ఆందోళన, మద్యం అలవాటు కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. ముందు వాటి సంగతి తేల్చుకోవాలి. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి 'నాకూ ఇదే' అని తేల్చేసుకోకూడదు.

మాత్ర ఏం చేస్తుంది?

ఎక్కువగా వాడే మందు మిథైల్‌ఫెనిడేట్‌. 1944లో స్విట్జర్లాండులో ఒక రసాయన శాస్త్రవేత్త తయారుచేశారు. భార్య రీటా పేరు మీదే దానికి 'రిటాలిన్‌' అని పేరు పెట్టారు. నిజానికి ఇది ఉత్తేజాన్నిచ్చే మందు. ఉన్న హడావిడి చాలక ఉత్తేజం కూడానా? ఇక్కడే ఉంది కిటుకు. మెదడులో ధ్యాసని నిలిపే డోపమైన్‌, నార్‌ఎడ్రినలిన్‌ రసాయనాలు ఈ మందుతో మరికాస్త ఎక్కువసేపు అందుబాటులో ఉంటాయి. దాంతో మనసుకి కళ్లెం పడుతుంది. మామూలు మాత్ర పనిచేసేది దాదాపు నాలుగు గంటలు. నెమ్మదిగా విడుదలయ్యే రకాలు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు.

ఇది పడనివారికి ఎటమాక్సిటిన్‌ ఉంది. ఉత్తేజక మందు కాదు. పూర్తి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఓపిక పట్టాలి.

ఏ మందైనా ఆకలి తగ్గించవచ్చు, నిద్ర చెడగొట్టవచ్చు, బీపీనీ గుండె వేగాన్నీ పెంచవచ్చు. గుండెజబ్బు ఉంటే ముందే చెప్పాలి. మిథైల్‌ఫెనిడేట్‌ మన మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది. చీటీ లేకుండా కొనడం, స్నేహితుడి మాత్ర మింగడం తప్పు, ప్రమాదం కూడా. అమెరికాలో ఉండే మన పిల్లలు 'అడెరాల్‌' వాడుతుంటే సెలవులకి వచ్చే ముందే అక్కడి డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఆ మందు ఇక్కడి మందుల షాపుల్లో దొరకదు.

మరి ఫలితం? 133 పరీక్షల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2018లో లాన్సెట్‌ పత్రికల్లో వచ్చింది. పెద్దవాళ్లలోనూ మందులు పనిచేస్తాయని తేల్చింది. కానీ అది చూసింది ప్రధానంగా మొదటి మూడు నెలల సంగతి. అందుకే ఏళ్ల తరబడి వాడేవారిని డాక్టరు మధ్యమధ్యలో పరీక్షించి, మందు ఇంకా అవసరమా అని చూస్తుండాలి.

మాత్ర నేర్పనిది

కళ్లజోడు పెట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి. అంతమాత్రాన పాఠం రాదు కదా! మందూ అంతే. ముప్పై ఏళ్ల అలవాట్లని అది మార్చదు. దానికి కాగ్నిటివ్‌ బిహేవియర్‌ థెరపీ ఉంది. పనుల్ని ఎలా విడగొట్టుకోవాలి, వాయిదా వేయాలనే ఆలోచనని ఎలా పట్టుకోవాలి... ఇవన్నీ వారం వారం సాధన చేయిస్తారు. అప్పటికే మందులు వాడుతున్నా ఇబ్బంది పూర్తిగా తగ్గని 86 మందిపై అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. 2010లో ఫలితాలొచ్చాయి. ఈ శిక్షణ తీసుకున్నవారిలో లక్షణాలు మరింత తగ్గాయి.

ఇంట్లోనూ మొదలుపెట్టొచ్చు.

* తాళాలకు గుమ్మం పక్కన ఒకటే మేకు. మరోచోట పెట్టొద్దు.

* పనులన్నీ ఒకే నోట్‌బుక్‌లో. చిత్తుకాగితాల మీద వద్దు.

* పెద్ద పనిని పావుగంట ముక్కలుగా చేసుకోండి. మొదటి ముక్క ఇవాళే.

* బిల్లులు, ఈఎంఐలు ఖాతా నుంచే వెళ్లేలా పెట్టండి.

* నిద్ర, వ్యాయామం మానొద్దు.

ఇంట్లోవాళ్లూ ఒకటి గుర్తుంచుకోవాలి. నోటితో పదిసార్లు చెప్పేకంటే ఒకసారి రాసి గోడకి అంటించడం మేలు. ఆయన విననిది మీ మీద ప్రేమ లేక కాదు.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌ ఉంది. 14416కి ఫోన్‌ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

నలభయ్యో ఏట తెలిసి ఏం లాభం అనిపించొచ్చు. పోయిన ఉద్యోగాలు తిరిగిరావు, నిజమే. కానీ ఆ రోజు డాక్టరు గదిలో మీ పక్కన మీ కొడుకు కూడా కూర్చున్నాడు. మాస్టారు మీకు వేసిన ముద్ర వాడి మీద పడకుండా ఆపగలిగేది మీరే.