పల్లెకు వైద్యుడు ఎక్కడి నుండి రావాలి?

ఆస్ట్రేలియా అనగానే సిడ్నీ, మెల్‌బోర్న్ వంటి మహానగరాలు మన కళ్లముందు మెదలుతాయి. కాని ఆ దేశంలో సుమారు 70 లక్షల మంది, అనగా జనాభాలో దాదాపు 28 శాతం, గ్రామీణ, మారుమూల ప్రాంతాలలోనే జీవిస్తున్నారు. నగరానికి దూరమైనకొద్దీ ఆయుర్దాయం తగ్గుతున్నదని అక్కడి ప్రభుత్వ గణాంకాలే చెబుతున్నాయి. 1928లో క్వీన్స్‌ల్యాండ్‌లోని క్లాంకరీ నుండి ప్రారంభమైన 'ఎగిరే వైద్యుల' విమాన సేవ నేటికీ ఎందరి ప్రాణాలనో కాపాడుతున్నది. అయితే ఆపదలో విమానమెక్కి వచ్చే వైద్యుడు వేరు. ఊళ్లోనే కాపురముండి ప్రతి ఇంటి ఆరోగ్యం ఎరిగిన వైద్యుడు వేరు.

ఈ రెండవ వైద్యుని కోసం అక్కడ ఒక నిబంధన ఉంది. విదేశాలలో చదివి వచ్చినవారు సాధారణంగా పదేళ్లపాటు వైద్యుల కొరతగల ప్రాంతాలలో పనిచేస్తేనే వారి సేవలకు ప్రభుత్వ బీమా సొమ్ము అందుతుంది. అక్కడికి వెళ్లే మన తెలుగు వైద్యులకూ ఇది వర్తిస్తుంది. నిబంధన మనిషిని ఊరికి చేర్చగలదు. గడువు తీరిన పిమ్మట అతనిని అక్కడ నిలపడం దాని వల్ల కాదు.

విశ్వవిద్యాలయాలలోని గ్రామీణ ఆరోగ్య విద్యార్థి క్లబ్బులు ఎంచుకున్న మార్గం వేరు. వైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ వంటి కోర్సుల విద్యార్థులు వీటిలో కలిసి పనిచేస్తారు. ఈ క్లబ్బులన్నిటికీ ఒక జాతీయ సమాఖ్య కూడా ఉంది. సభ్యులు సుదూరపు ఊళ్ల ఉన్నత పాఠశాలలకు వెళ్లి, పిల్లల చేత పిండికట్టు కట్టిస్తారు, రక్తపోటు కొలిపిస్తారు, ఏ చదువుకు ఏ దారిన వెళ్లాలో వివరిస్తారు. 'ఈ చదువు మనవంటి వారికి కాదు' అన్న సంకోచం ఆ పిల్లల మనసులో అప్పుడు సడలుతుంది. నగరంలో పెరిగిన విద్యార్థులకు సైతం పల్లె జీవితాన్ని దగ్గరగా చూసే అవకాశం కలుగుతుంది.

ఈ శ్రమ వెనుక ఒక అనుభవసారం ఉంది. పల్లెలో పెరిగినవారు, పల్లెలో శిక్షణ పొందినవారు తిరిగి పల్లెలో స్థిరపడే అవకాశం ఎక్కువ. 2000లో టౌన్స్‌విల్‌లో జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాలను ప్రారంభించడంలోని ఉద్దేశమూ ఇదే.

క్లబ్బులతోనే సమస్య తీరుతుందని మేము అనము. వైద్యునికి నివాసం, జీవిత భాగస్వామికి ఉద్యోగం, బిడ్డలకు మంచి బడి లేనిదే ఎంతటి ఉత్సాహమైనా చల్లారుతుంది. కాని ఆ ఉత్సాహమే పుట్టనిచోట వసతులు మాత్రం ఎవరి కోసం? మన ఇంటి బిడ్డ డాక్టరు చదువుతానన్నప్పుడు మనం ఏ నగరపు ఆసుపత్రి గురించి చెబుతున్నాము, ఏ పల్లె గురించి చెప్పడం మరచిపోతున్నాము? తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించాలని మా మనవి.