బారు బలం దాని కాళ్లలో ఉంది

మా బావగారు బెజవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లారీ బాడీలు కట్టించిన మనిషి. నార్త్ కరోలినాలో మా ఇంటికి వచ్చినప్పుడు గ్యారేజీలో ఉన్న నా 1990 మోడల్ మాజ్డా మియాటా చుట్టూ ఒకసారి తిరిగి, సీట్ల వెనక వంపు తిరిగి నిలబడ్డ నల్లటి పైపును వేలి కణుపుతో కొట్టి చూశారు. "పైపు గట్టిదేనయ్యా. ఇంతకీ దీన్ని దేనికి బిగించావు?" అన్నారు. చూసినవాళ్లందరూ ఇదెందుకని అడుగుతారు. దేనికి బిగించావని అడిగింది ఆయనొక్కరే. ఆ పైపు పేరు రోల్ బార్. దాని గురించి తెలుసుకోవలసిందంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మియాటా 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం కంటపడింది. రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, 1.6 లీటర్ల ఇంజను, టన్నుకు లోపు బరువు. 2016 నాటికి ఈ కార్లు పది లక్షలు తయారయ్యాయి. పాతవి అందుబాటు ధరకు దొరుకుతాయి, విడిభాగాలకు కొదవ లేదు. అందుకే అమెరికాలో ట్రాక్ డే అంటే అక్కడో మియాటా ఉండి తీరుతుంది. ట్రాక్ డే అంటే పందెం కాదు. వర్జీనియాలోని ఆల్టన్ దగ్గర వీఐఆర్ అనే ట్రాక్ ఉంది, 1957లో కట్టారు. అలాంటి చోట రుసుము కట్టి, పక్క సీట్లో శిక్షకుణ్ణి కూర్చోబెట్టుకుని, సొంత కారును వేగంగా నడపడం నేర్చుకుంటాం. ఎదురొచ్చే లారీలు, అడ్డమొచ్చే గేదెలు ఉండవు గానీ, రోడ్డు తప్పి మట్టిలోకి అడ్డంగా జారిన కారుకు చక్రం దిగబడితే పల్టీ కొట్టడానికి క్షణం చాలు.

పైకప్పున్న కారు తిరగబడితే ఆ కప్పు కొంతైనా కాస్తుంది. టాపు లేని కారుకు ముందు అద్దం ఫ్రేము తప్ప మరో ఆధారం లేదు. కారు బరువంతా దాని మీద పడితే అది నిలుస్తుందని నమ్ముకోకూడదు. అప్పుడు నేలకు ఆనేది డ్రైవరు తలే. అందుకే చాలామంది నిర్వాహకులు రోల్ బార్ లేని కన్వర్టిబుల్‌ను ట్రాక్ మీదికి రానివ్వరు. మా అమ్మ ఫోన్లో ఇదంతా విని, "అంత ప్రమాదమైతే అసలు పోవడం ఎందుకురా?" అంది. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

రోల్ బార్, రోల్ కేజ్ ఒకటి కావు. బార్ అంటే సీట్ల వెనక నిలిచే ఒక వంపు పైపు, దాన్ని వెనకనుంచి పట్టుకునే రెండు ఊతలు, మధ్యలో ఒక ఐమూల పైపు. ఈ ఐమూల పైపును చూపుకు అడ్డమని తీసేయించేవాళ్లున్నారు, అది పొరపాటు. అది లేకపోతే పక్కనుంచి ఒత్తిడి పడినప్పుడు వంపంతా కోళ్లు వదులైన మంచంలా ఒరిగిపోతుంది. కేజ్ అయితే ముందు అద్దం పక్కలకూ తలుపులకూ కూడా పైపులు వస్తాయి. ఒకరినొకరు దాటుకుంటూ పోయే అసలు పందేలకు కేజ్ ఉండాలి. నాలాగా నేర్చుకునేవాడికి బార్ సరిపోతుంది.

పైపు సంగతి బావగారికి వెంటనే నచ్చింది. ఆటోనగర్‌లో పైపులో ఇసుక దట్టించి, కాల్చి వంచడం ఆయన చూసిన పద్ధతి. ఇక్కడ అలా కుదరదు. మోటారు పందేల అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల ప్రకారం పైపును కాల్చకుండానే వంచాలి. వంపు వ్యాసార్థం పైపు వ్యాసానికి కనీసం 3 రెట్లు ఉండాలి, వంపు దగ్గర పైపు నొక్కుకుపోకూడదు. ప్రధాన వంపుకు 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం, లేదా 50కి 2. అతుకు లేని ఉక్కు పైపే వాడాలి. ఇదంతా తయారీదారు చూసుకునే పని, కొనేవాడు కాగితం అడిగి చూసుకుంటే చాలు.

మన పని కాళ్ల దగ్గర మొదలవుతుంది. ఎంత గట్టి పైపైనా పలచటి రేకు మీద నిలబెడితే, పల్టీ కొట్టినప్పుడు పైపు వంగదు, రేకును చీల్చుకుని కిందికి దిగిపోతుంది. కాబట్టి ప్రతి కాలి కింద బరువును నలుదిక్కులా పంచే ప్లేటు పెడతారు. ఎఫ్‌ఐఏ లెక్కలో ప్రధాన కాలి ప్లేటు కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉండాలి. దానికి మూడు బోల్టులు, 8 మిల్లీమీటర్లవి, 8.8 గ్రేడువి. బజారులో చవకగా దొరికిన గ్రేడు లేని బోల్టు వేస్తే పెట్టిన ఖర్చంతా వృథా.

పాత కారుతో చిక్కు ఇక్కడే. మియాటా టాపు మీద పడిన వాననీరు తలుపుల వెనకున్న చిన్న గొట్టాల గుండా కిందికి పోతుంది. ఆకులు, దుమ్ము పేరుకుని అవి పూడితే నీరు లోపలే నిలిచి, తలుపు కింది పెట్టె రేకులు తుప్పు పడతాయి. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల కార్లయితే మరీ దారుణం. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతే తెలుస్తుంది. మంచి రేకు ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. అలాంటిచోట ముందు రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి, ఆ తర్వాతే బార్.

నా కారుకు సీట్లు, వెనక కార్పెట్, ప్లాస్టిక్ అంచులు విప్పేసి, నేలకంటుకున్న తారుపొర గీకి, వట్టి ఇనుము కనిపించేదాకా శుభ్రం చేశాను. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, దాని వైరు ముందే తీసేయాలి. బారును దింపి, కాళ్లు రేకుకు సమంగా ఆనేదాకా సర్ది, రంధ్రాల చోటు గుర్తుపెట్టుకున్నాను. ఈ కారుకు పెట్రోలు ట్యాంకు సీట్ల వెనకే ఉంటుంది. డ్రిల్లు పట్టుకునే ముందు కిందికి దూరి టార్చి వేసి, అవతల ట్యాంకు గానీ గొట్టం గానీ వైరు గానీ ఉందేమో చూసి తీరాలి. రంధ్రం అంచు నునుపు చేసి, ప్రైమర్ పూసి, నీరు దిగకుండా సీలెంటు పెట్టి బిగించాలి. ట్రాక్ మీద మొదటి రోజు గడిచాక టార్క్ రెంచితో బోల్టులన్నీ మళ్లీ చూసుకోవాలి.

సీటు బెల్టు సంగతి చాలామందికి తట్టదు. పందెం కార్లలోలా భుజాల మీదుగా వచ్చే హార్నెస్ వేసుకుంటే మనిషి నిటారుగా బిగుసుకుపోతాడు, కారు తిరగబడినప్పుడు పక్కకు ఒరగలేడు. పైన బార్ లేకుండా హార్నెస్ కట్టుకోవడమంటే కోరి తల అప్పగించడమే. హార్నెస్‌తోపాటు సరైన సీటు, మెడను కాపాడే పరికరం కూడా ఉండాలి. ఇవన్నీ కలిసి వస్తేనే పని జరుగుతుంది.

రోజూ ఆఫీసుకు నడిపే కారుకు ఇది మంచిదేనా అంటే, జాగ్రత్త అవసరం. ట్రాఫిక్‌లో వెనకనుంచి ఎవరైనా గుద్దితే సీటు వెనక్కి వంగి, హెల్మెట్ లేని తల నేరుగా ఉక్కుకు తగలవచ్చు. పైపుకు గట్టి ప్యాడింగ్ చుట్టాలి. ఎస్‌ఎఫ్‌ఐ 45.1 ప్రమాణం ముద్ర ఉన్నది ఇందుకే తయారైంది. మెత్తటి స్పాంజి చూడ్డానికే. మన దేశంలోనైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది, తయారీదారు చూపించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. రోడ్డు బండికి చేయించేముందు రవాణా శాఖను అడగండి.

బారు కొనేముందు చేయవలసిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని సీట్లో కూర్చోండి. బారు పైకొసనుంచి ముందద్దం ఫ్రేము పైఅంచుకు చీపురుకర్ర ఆనించమని పక్కవాళ్లకు చెప్పండి. హెల్మెట్ ఆ కర్రకు కిందే ఉండాలి. కొందరు నిర్వాహకులు మధ్యలో రెండంగుళాల ఖాళీ కూడా అడుగుతారు. మియాటాలో పొడుగువాళ్లకు ఇది కుదరదు, సీటు అడుగున స్పాంజి కోసి తీసినా కొందరికి సరిపోదు. కర్ర తగిలితే ఎత్తయిన బారు చూసుకోండి. అదీ చాలకపోతే ఇంకో కారు చూసుకోండి.