వరలక్ష్మీ వ్రతం చామంతులూ... డిమాండ్ సూత్రమూ!

మా ఆడపడుచు పెళ్లయిన పన్నెండేళ్లకి దూరవిద్యలో బీఏ కట్టింది. అన్నీ గట్టెక్కాయి గానీ ఎకనామిక్స్ ఒక్కటే రెండుసార్లు పోయింది. "ఈసారీ పోతే ఆ పుస్తకాలు అటకెక్కించెయ్" అని వాళ్లాయన తీర్పు చెప్పేశాడు. డిగ్రీ లేకపోతే దరఖాస్తు కూడా పెట్టలేని ఉద్యోగాల మీద ఆశ పెట్టుకుంది పాపం. అందుకే రెండు నెలలుగా మధ్యాహ్నం భోజనాలవగానే పుస్తకాలతో మా ఇంటికొచ్చేస్తోంది. నేనూ డిగ్రీలో ఎకనామిక్స్ చదివినదాన్నే లెండి.

తన ఇబ్బందేమిటో మొదటిరోజే తెలిసిపోయింది. గైడులో జవాబుని కామాలతో సహా అప్పజెప్పేస్తుంది. మధ్యలో ఒక్క మాట జారిపోయిందా, బండి అక్కడే ఆగిపోతుంది. వ్యాసాలు రాయాల్సిన పేపరుకి ఈ బట్టీ బొత్తిగా పనికిరాదు. నిర్వచనం, ప్రమేయాలు, పట్టిక, రేఖాపటం, మినహాయింపులు... ఈ వరస బుర్రలో ఉంటే చాలు, మాటలు మన సొంతానివే రాసుకోవచ్చు.

డిమాండ్ సూత్రం చదువుతూ ఓరోజు, "వరలక్ష్మీ వ్రతానికి చామంతుల ధర రెట్టింపవుతుందా, అయినా మామూలు కంటే ఎక్కువే కొంటామా? మరి ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుందన్న సూత్రం తప్పే కదా వదినా?" అంది.

బంగారంలాంటి ప్రశ్న! మార్కులు పోయేదీ సరిగ్గా ఇక్కడే. సూత్రానికి ముందే ఓ షరతుంది: ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే అని. ఆదాయం, అభిరుచులు, మిగతా వస్తువుల ధరలు అలాగే ఉండాలి. పండగొస్తే మన అవసరమే మారిపోయింది కదా! అప్పుడు మనం ఉన్న డిమాండ్ రేఖ మీద పైకో కిందికో జరగడం కాదు, రేఖ మొత్తంగా కుడివైపుకి జరుగుతుంది. అందరూ ఎగబడబట్టే ధర పెరిగింది. అదే రోజు పూలమ్మి ఇంకో ఇరవై పెంచిందనుకోండి, అరకిలో అనుకున్నవాళ్లం పావుకిలోతో సరిపెట్టుకుంటాం. సూత్రం శుభ్రంగా పనిచేసినట్టే!

ఇది అర్థమయ్యాక రేఖాపటం బట్టీ పట్టాల్సిన అవసరమే రాలేదు. అడ్డగీత మీద పరిమాణం, నిలువుగీత మీద ధర. పేర్లు పెట్టని బొమ్మ ఉత్త గీతలే. బొమ్మ ఏం చెబుతోందో కింద రెండు వాక్యాలు రాయాలి కూడా.

మినహాయింపుల్లో గిఫెన్ వస్తువుల దగ్గరా మనకు తెలిసిన ఉదాహరణే. బియ్యం ధర పెరిగితే బీదింట్లో పాలూ కూరలూ మానుకుని, కడుపు నింపుకోవడానికి ఆ బియ్యమే ఇంకాస్త కొనాల్సి రావచ్చు.

ఇక భారత ఆర్థిక వ్యవస్థకి పాత గైడుల్ని నమ్మకండి. తను సెకండ్ హ్యాండ్‌లో కొన్నదాంట్లో ప్రణాళికా సంఘం ఇంకా బతికే ఉంది! దాని స్థానంలో 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. జీఎస్టీ 2017 జూలై 1న మొదలైంది. సంవత్సరం గట్టిగా తెలియకపోతే రాయకపోవడమే మేలు.

టైము సంగతి గడియారం పెట్టుకుని రాస్తేనే తెలుస్తుంది. మూడు గంటల్లో ఐదు వ్యాసాలంటే, ఒక్కోదానికి 33 నిమిషాలు వేసుకుంటే చివర్లో పావుగంట మిగులుతుంది. తను మొదటిదానికే గంట తీసుకునేది.

జాతీయాదాయం పాఠం మాత్రం ఇద్దరం కూచుని పోట్లాడుకుంటూ చదివాం. ఇంట్లో జీతానికి పనిచేసే మనిషిని యజమాని పెళ్లి చేసుకుంటే జాతీయాదాయం తగ్గిపోతుందని పిగూ అనే ఆర్థికవేత్త వందేళ్ల కిందటే ఎత్తిచూపాడు. పని అదే, జీతమే లేదు! మన దేశంలో 2024లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. అదేదీ జాతీయాదాయం లెక్కలోకి రాదు.

"జాతీయాదాయం మదింపులో ఇబ్బందులు" అన్న ప్రశ్నకి ఈ అంకెలు రాసుకోమన్నాను. వచ్చే సోమవారమే పరీక్ష. ఆ ప్రశ్న ఒక్కటీ వస్తే మొదట అదే రాస్తానని కూచుంది.