పిస్టన్ డోమ్ కొలత, సంపీడన నిష్పత్తి లెక్క

పిస్టన్ అడుగుకు దిగినప్పుడు దాని పైన ఉండే మొత్తం ఖాళీని, పిస్టన్ పైకి చేరాక మిగిలే ఖాళీతో భాగిస్తే వచ్చేదే ఇంజన్ సంపీడన నిష్పత్తి. 1876లో జర్మన్ ఆవిష్కర్త నికోలస్ ఒట్టో నడిపిన నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో అది సుమారు రెండున్నర మాత్రమే. నిష్పత్తి పెరిగేకొద్దీ అదే ఇంధనంతో ఎక్కువ పని జరుగుతుంది. హద్దు మీరితే మాత్రం గాలి, ఇంధనాల మిశ్రమం తనంతట తానే భగ్గుమని, ఇంజన్‌లో నాకింగ్ మొదలవుతుంది, పిస్టన్ దెబ్బతింటుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటిష్ ఇంజనీరు హ్యారీ రికార్డో, నిష్పత్తిని మార్చుకోగల ప్రయోగ ఇంజన్‌తో ఏ ఇంధనం ఎంత నిష్పత్తిని తట్టుకుంటుందో పరీక్షించాడు. ఇంధనాలను పోల్చే ఆక్టేన్ కొలమానం కూడా 1920లలోనే రూపుదిద్దుకుంది.

సిలిండర్ హెడ్‌లోని దహన గది విశాలంగా ఉంటే నిష్పత్తి తగ్గుతుంది. దాన్ని పెంచడానికి పిస్టన్ తలను ఉబ్బెత్తుగా చేస్తారు. ఆ ఉబ్బే డోమ్. దాని మీద వాల్వులు తగలకుండా గుంటలు కూడా ఉంటాయి కాబట్టి కొలబద్దతో, సూత్రంతో దాని ఘనపరిమాణం తేలదు. ద్రవంతోనే కొలవాలి.

ముందుగా డోమ్ శిఖరం కూడా సిలిండర్ పై అంచుకు దిగువన ఉండేలా పిస్టన్‌ను కిందికి దించుతారు. పిస్టన్ తల చదునుభాగం అంచు నుంచి ఎంత లోతున ఉందో డెప్త్ గేజ్‌తో కొలుస్తారు. పిస్టన్ చుట్టూ ఉన్న సందును గ్రీజుతో పలుచగా మూసి, ఎక్కువైనది తుడిచేస్తారు. రంధ్రం ఉన్న పారదర్శకమైన పలకను పైన అతికించి, రంధ్రం వైపు కాస్త ఎత్తుగా ఉండేలా ఇంజన్‌ను వంచి, బ్యూరెట్‌తో పలుచని నూనె పోస్తారు. లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది.

మద్రాసు తిరువొత్తియూరులో తయారైన పాత బుల్లెట్ 350 మోటార్‌సైకిల్ బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 70 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ.; స్ట్రోక్ ఘనపరిమాణం 346.4 సీసీ. ఆ బోరులో డోమ్ ఉన్న పిస్టన్‌ను 12 మి.మీ. దించారనుకుంటే, చదునైన పిస్టన్‌కు 46.2 సీసీ నూనె పట్టాలి. పట్టింది 38.2 సీసీ అయితే డోమ్ 8 సీసీ. నూనె 46.2 కన్నా ఎక్కువ పడితే పిస్టన్ తల గుంటగా ఉందన్నమాట.

హెడ్ గది 56, గ్యాస్కెట్ మందంలోని ఖాళీ 4.1, పిస్టన్ పైకి చేరాక అంచు కింద మిగిలే సందు 1.9 సీసీ అనుకుంటే మొత్తం 62. అందులోంచి డోమ్ 8 తీసేస్తే 54. నిష్పత్తి (346.4 + 54) ÷ 54, అంటే 7.4. డోమ్‌ను లెక్కలోకి తీసుకోకపోతే 6.6 మాత్రమే వస్తుంది. కొలతలో ఒక్క సీసీ తేడా వచ్చినా నిష్పత్తి 0.12 మేర మారుతుంది.

కంప్రెషన్ గేజ్ రీడింగు ఈ కొలతకు ప్రత్యామ్నాయం కాదు. సముద్ర మట్టానికి దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉన్న కుప్పంలో గాలి పీడనం తీరప్రాంతంకన్నా సుమారు 8 శాతం తక్కువ. అందుకే అదే ఇంజన్‌పై గేజ్ చెన్నైలోకన్నా ఇక్కడ తక్కువ చూపుతుంది. రింగులు అరిగినా, వాల్వులు సరిగా కూర్చోకపోయినా అంతే. ఘనపరిమాణాలతో కట్టిన నిష్పత్తి మాత్రం ఏ ఊళ్లోనైనా ఒకటే. పిస్టన్, హెడ్ లేదా గ్యాస్కెట్ మార్చినప్పుడు, సిలిండర్‌ను రీబోర్ చేసినప్పుడు దాన్ని మళ్లీ లెక్కించాలి.